దొడ్డిదారిన వచ్చిన రైఫిల్ స్కోప్‌కి వారంటీ: తరచుగా అడిగే ప్రశ్నలు

టెక్సాస్‌లో శనివారం పొద్దున ఏ షూటింగ్ రేంజికి వెళ్లినా ఇప్పుడు పక్క బెంచీ మీద తెలుగు వినిపిస్తోంది. అడవి పందుల వేటకి వెళ్లేవాళ్లు కొందరు, కాగితం మీద చుక్కలు కొట్టి సంబరపడే నాలాంటివాళ్లు ఇంకొందరు. తుపాకీ సంగతి ఎలా ఉన్నా, స్కోప్ (గురి చూడటానికి రైఫిల్ మీద బిగించే దుర్భిణి) దగ్గరికి వచ్చేసరికి అందరిదీ ఒకటే బాధ: రైఫిల్ కన్నా దాని ఖరీదే ఎక్కువ. దాంతో ఆథరైజ్డ్ డీలర్ కాని చోట నాలుగైదు వందల డాలర్లు తక్కువకి కనబడగానే చెయ్యి బటన్ మీదికి పోతుంది. ఆ తర్వాత మొదలయ్యే ప్రశ్నలే ఇవి. నేను లాయర్ని కాను. ఒకసారి చెయ్యి కాల్చుకున్నవాణ్ని మాత్రమే.

గ్రే మార్కెట్ స్కోప్ అంటే డూప్లికేటా?

కాదు. అసలు కంపెనీ, అసలు ఫ్యాక్టరీలో చేసిన అసలు స్కోపే. కాకపోతే ఇంకో దేశంలో అమ్మడానికి బయల్దేరిన సరుకు. జపాన్ దుకాణానికో జర్మనీ దుకాణానికో చేరాక, అక్కడ ఎవరో టోకున కొని, కంపెనీ పెట్టుకున్న డిస్ట్రిబ్యూటరుతో పని లేకుండా అమెరికాలో అమ్ముతారు. దొంగ సరుకు కాదు, నకిలీ కాదు. దొడ్డిదారిన వచ్చిన సరుకు, అంతే.

మరి ధర అంత తక్కువ ఎలా?

యూరప్‌లో దుకాణం ధరలో వ్యాట్ కలిసే ఉంటుంది. జర్మనీలో 19 శాతం, ఆస్ట్రియాలో 20 శాతం. సరుకు దేశం దాటి వెళ్తే ఆ పన్ను పడదు, ధర అక్కడికక్కడే దిగుతుంది. జపాన్‌లో చేసిన స్కోపులకైతే యెన్ పడిపోయినప్పుడల్లా పండగే. ఇక మూడో కారణం మనకి కనబడనిది. ఆథరైజ్డ్ డీలర్ తీసుకునే ధరలో కొంత డిస్ట్రిబ్యూటరుకి పోతుంది. ఆ డబ్బుతోనే అతను రిపేరు బల్ల నడుపుతాడు, విడి భాగాలు తెప్పిస్తాడు, ఫోన్ ఎత్తే మనిషిని పెట్టుకుంటాడు. గ్రే సెల్లర్ ఆ ఖర్చు పెట్టడు, మీ దగ్గర తీసుకోడు. చవక అనిపించే మొత్తంలో కొంత, మీరు కొనకుండా వదిలేసిన వారంటీ ఖరీదే.

కంపెనీ ఒకటే, స్కోప్ ఒకటే. వారంటీ ఎందుకు ఇవ్వరు?

వారంటీ స్కోప్‌కి అంటుకుని ఉంటుందని మనం అనుకుంటాం. అది ఉండేది మాట ఇచ్చినవాడి దగ్గర. చాలా బ్రాండ్లకి దేశానికో విడి కంపెనీ, లేదా దేశానికో స్వతంత్ర డిస్ట్రిబ్యూటరు ఉంటారు. డబ్బా మీద ఉన్న పేరు ఒకటే అయినా, కార్డు మీద సంతకం పెట్టిన సంస్థ వేరు. అమెరికా విభాగం మాట ఇచ్చింది తాను దిగుమతి చేసిన సరుకుకి. ఒసాకాలో అమ్ముడైన స్కోప్ గురించి అది ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు. దాని మీద పైసా సంపాదించలేదు కూడా.

మన ఊళ్లో పోలిక చెప్పాలంటే, దుబాయ్ నుంచి మేనమామ తెచ్చిన టీవీని అమీర్‌పేట సర్వీస్ సెంటరుకి మోసుకెళ్లిన రోజులు గుర్తు తెచ్చుకోండి. బ్రాండ్ అదే. కౌంటర్లో కుర్రాడు మాత్రం "ఇండియా బిల్లు ఉందా సార్?" అని మొదటి ప్రశ్నలోనే తేల్చేసేవాడు.

కాబట్టి కొనే ముందు "వారంటీ ఉందా?" అని అడక్కండి. ఉందనే చెబుతారు. "ఎవరి వారంటీ, ఏ దేశంలో చెల్లుతుంది, ఎక్కడికి పంపాలి?" అని అడగండి.

అన్ని కంపెనీలూ ఇలాగే ఉంటాయా?

లేదు, ఇక్కడే తేడాలు చూడాలి.

విస్కాన్సిన్‌లోని వోర్టెక్స్ తన వీఐపీ వారంటీలో బిల్లు అడగదు, రిజిస్ట్రేషన్ అడగదు, మొదటి యజమాని ఎవరన్నదీ పట్టించుకోదు. పోగొట్టుకున్నా, దొంగలెత్తుకుపోయినా, కావాలని పగలగొట్టినా, పనికి అడ్డురాని పైపై గీతలకీ మాత్రం వర్తించదు. ఒరెగాన్‌లోని లూపోల్డ్ 1907 నుంచి ఉన్న కంపెనీ. దాని గోల్డ్ రింగ్ స్కోపులకి ఇచ్చే జీవితకాల గ్యారంటీ కూడా కొన్నవాడి మీద కాక వస్తువు మీద నడుస్తుంది. లోపల బల్బూ బ్యాటరీ సర్క్యూటూ ఉన్న మోడళ్లలో ఎలక్ట్రానిక్స్‌కి గడువు వేరు. ఇలాంటి బ్రాండ్లలో ఎక్కడ కొన్నామన్న బెంగ తక్కువ, అసలుదా నకిలీదా అన్న బెంగే ఎక్కువ.

రెండో కొసన ఉన్నది నైకాన్ పద్ధతి. కెమెరాల్లో, లెన్సుల్లో దాని అమెరికా విభాగం గ్రే సరుకుని వారంటీ కింద సరే, డబ్బు కడతామన్నా ముట్టుకోదు. రైఫిల్ స్కోపుల వ్యాపారం నుంచి నైకాన్ తప్పుకుంది కాబట్టి ఇప్పుడు కొత్తగా కొనే బాధ లేదు.

ఈ రెండు కొసల మధ్య ఉన్నవే ఎక్కువ, ముఖ్యంగా యూరప్ బ్రాండ్లు. "అమెరికాలోని ఆథరైజ్డ్ డీలర్ దగ్గర కొంటేనే" అన్న ముక్క వాళ్ల షరతుల్లో ఎక్కడో ఒకచోట ఉంటుంది. షరతులు మారుతుంటాయి. కొన్న రోజున ఆ పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి. నాలుగేళ్ల తర్వాత వాదనకి దిగినప్పుడు అదొక్కటే మీ సాక్షి.

మాగ్నసన్-మాస్ చట్టం ఉంది కదా, ఎక్కడ కొన్నా వారంటీ ఇవ్వాల్సిందేగా?

రేంజిలో సగంమంది నమ్మే మాట ఇది, తప్పు. 1975లో వచ్చిన ఆ ఫెడరల్ చట్టం వారంటీ ఇచ్చి తీరాలని ఎవర్నీ బలవంతపెట్టదు. ఇస్తే ఎలా ఇవ్వాలో చెబుతుంది: షరతులు తేటగా రాయాలి, 15 డాలర్లు దాటిన వస్తువైతే కొనకముందే చూపించాలి, "మా రింగులే (స్కోప్‌ని రైఫిల్‌కి బిగించే కట్లు) వాడితేనే వారంటీ" లాంటి ముడి పెట్టకూడదు. "మా ఆథరైజ్డ్ డీలర్ దగ్గర కొన్నవాటికే" అన్న షరతు దీని కింద నిలబడుతుంది.

అయితే మీకు పనికొచ్చే దారి ఇంకొకటుంది. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ అమలయ్యే వాణిజ్య చట్టం ప్రకారం, వ్యాపారి అమ్మిన వస్తువు దాని మామూలు పనికి పనికిరావాలి. రాసివ్వకపోయినా ఉండే వారంటీ అది. కాకపోతే దాన్ని అడగాల్సింది అమ్మినవాణ్ని. తెలివైన సెల్లరు "ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నాం" అని రాసి దాన్నుంచి తప్పించుకుంటాడు, చాలా రాష్ట్రాల్లో అది చెల్లుతుంది. ఇందులో చిన్న మెలిక ఉంది, కింద సెల్లర్ వారంటీ ప్రశ్నలో చెబుతాను.

న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో ఇంకో రక్షణ: గ్రే సరుకు అమ్మే దుకాణం, దానికి అమెరికాలో చెల్లే తయారీదారు వారంటీ లేదని కొనేవాడికి కనబడేలా చెప్పాలి. చెప్పకుండా అమ్మితే మీ చేతిలో ఆయుధం ఉన్నట్టే.

అసలు ఇలా దిగుమతి చేసి అమ్మడం నేరం కాదా?

సూటిగా అవునని గానీ కాదని గానీ చెప్పలేం. ఈ తగవు వందేళ్ల నాటిది. 1923లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఫేస్ పౌడర్ విషయంలో సుప్రీంకోర్టు, అమెరికాలో ట్రేడ్‌మార్క్ కొనుక్కున్న కంపెనీ వైపు నిలిచింది, పౌడర్ అసలుదే అయినా సరే. 90 ఏళ్ల తర్వాత, 2013లో, కిర్ట్‌సాంగ్ అనే థాయ్ విద్యార్థి కేసులో గాలి ఎదురు తిరిగింది. అతను థాయిలాండ్‌లో చవగ్గా దొరికే పాఠ్యపుస్తకాలు తెప్పించి అమెరికాలో అమ్మాడు. కాపీరైట్ ఉన్న పుస్తకం విదేశంలో న్యాయంగా కొన్నదైనా తిరిగి అమ్ముకోవచ్చని కోర్టు తేల్చింది. ఎంఎస్‌కి వస్తూ కోఠిలో కొన్న ఇండియన్ ఎడిషన్లతో సూట్‌కేసు నింపుకున్న మన తరం ఆ తీర్పు చదివి నవ్వుకుంది.

స్కోపుల్లో లెక్క ట్రేడ్‌మార్క్‌ది. బయటి సరుకుకీ అమెరికా సరుకుకీ కొనేవాడికి పట్టే తేడా ఏదైనా ఉంటే, ఆ మార్క్‌తో అమ్మకాన్ని కంపెనీ అడ్డుకోవచ్చు. వారంటీ కూడా అలాంటి తేడాయేనని 2009లో బెల్ట్రానిక్స్ రాడార్ డిటెక్టర్ల కేసులో ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు ఒప్పుకుంది. కొనుక్కున్న మీ మీదికి మాత్రం ఎవరూ రారు. ఆ పోట్లాట కంపెనీకీ సెల్లరుకీ మధ్య.

సీరియల్ నంబర్ గీకేసి ఉంది. ఏమవుతుంది?

తిప్పి పంపెయ్యండి, ఆలోచించొద్దు. పైన చెప్పిన బెల్ట్రానిక్స్ కేసులోనూ జరిగింది ఇదే. ఏ డిస్ట్రిబ్యూటరు నుంచి సరుకు జారిందో కంపెనీకి తెలియకుండా నంబర్లు తీసేశారు. నంబరు లేని స్కోప్‌ని ఎంత ఉదారమైన కంపెనీ అయినా అనుమానంగానే చూస్తుంది. దొంగతనం సరుకు కావచ్చు, నకిలీ కావచ్చు.

పెద్ద వెబ్‌సైట్‌లోనే కొన్నాను, అది చాలదా?

వెబ్‌సైట్ బజారు లాంటిది. అందులో కొట్టు ఎవరిదో చూడాలి. "అమ్మేది ఎవరు, పంపేది ఎవరు" అన్న రెండు గీతలు ధర కింద చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఆ పేరుని బ్రాండ్ సొంత సైట్‌లోని డీలర్ల జాబితాలో వెతకండి. లేకపోతే, మీరు కొన్నది ఆథరైజ్డ్ డీలర్ దగ్గర కాదు.

సెల్లరే 3 ఏళ్ల వారంటీ ఇస్తానన్నాడు. పనికొస్తుందా?

అతను 3 ఏళ్లు ఉంటే పనికొస్తుంది. నాకు ఎదురైంది ఇదే. యూరప్ స్కోప్ ఒకటి ఆన్‌లైన్‌లో విదేశీ సెల్లరు దగ్గర కొన్నాను. ఏడాది మీద రెండు నెలలకి, జనవరి చలిలో, లోపలి అద్దం మీద మంచు పట్టింది. ఆవిరి పట్టకుండా లోపల నింపిన నైట్రోజన్ ఎక్కడో కారిపోయిందన్నమాట. కంపెనీ అమెరికా ఆఫీసు మర్యాదగా బిల్లు అడిగి, అంతకన్నా మర్యాదగా వద్దంది. సెల్లరు పేజీ తెరిస్తే అక్కడ కొట్టే లేదు.

ఇంతకుముందు చెప్పిన మెలిక ఇదీ: మాగ్నసన్-మాస్ ప్రకారం రాతపూర్వకంగా వారంటీ ఇచ్చిన అమ్మకందారు, "ఉన్నది ఉన్నట్టు" అని రాసి పై చెప్పిన రాయని వారంటీని రద్దు చేయలేడు. వారంటీ గడువు వరకే అని కుదించగలడు, అంతే. కాబట్టి అమెరికాలోనే అడ్రసు ఉన్న గ్రే సెల్లరు రాసిచ్చిన 3 ఏళ్లకి కొంత విలువ ఉంది, అవసరమైతే చిన్న మొత్తాల తగవులు చూసే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకైనా వెళ్లొచ్చు. సముద్రం అవతల ఉన్నవాడి మీద ఎక్కడ వేస్తారు?

క్రెడిట్ కార్డు వారంటీని ఇంకో ఏడాది పొడిగిస్తుంది కదా?

ఆ కార్డు నిబంధనలు చదవండి. సాధారణంగా అది పొడిగించేది అమెరికాలో చెల్లే తయారీదారు వారంటీని. ఒరిజినల్ సున్నా అయితే దాని మీద ఎన్ని ఏళ్లు కలిపినా సున్నాయే. కార్డు పనికొచ్చేది వేరే చోట: "అమెరికా వారంటీ ఉంది" అని రాసి గ్రే సరుకు పంపితే, చెప్పింది ఒకటి ఇచ్చింది ఒకటి అని కార్డు కంపెనీ దగ్గర డిస్ప్యూట్ వేయొచ్చు. ఆలస్యం చేయొద్దు, ఈ గడువులు నెలల్లో ఉంటాయి. ప్రకటన స్క్రీన్‌షాట్ ముందే తీసి పెట్టుకోండి.

గ్రే సరుకో నకిలీయో ఎలా తెలుస్తుంది?

నకిలీల గురించి లూపోల్డ్ చాలాసార్లు బహిరంగంగా హెచ్చరించింది. చైనాలో తయారై వచ్చేవి పైకి చూస్తే కనిపెట్టలేనంత బాగా ఉంటాయి. ధర సగానికి పడిపోయి ఉంటే అది గ్రే కాదు, నకిలీ అనుకోవడమే క్షేమం. వ్యాట్ తీసేసి, యెన్ లెక్క కట్టి, మార్జిన్ కోసినా అసలు స్కోప్ అంత కిందికి దిగదు. సీరియల్ నంబరు కంపెనీకి ఫోన్ చేసి చదవండి, వాళ్ల పుస్తకాల్లో ఉందో లేదో చెబుతారు. నకిలీకి ఏ కంపెనీ వారంటీ ఇవ్వదు, బిల్లు అడగని కంపెనీ కూడా.

కొనేశాను. ఇప్పుడేం చేయాలి?

రిటర్న్ గడువు ముగిసేలోపు స్కోప్‌ని గట్టిగా పరీక్షించండి. వారంటీ లేని స్కోప్‌కి ఆ రెండు మూడు వారాలే వారంటీ.

ముందు ఇంట్లో. రింగుల మరలు బిగించే ముందు టార్క్ రెంచి (బిగింపు బలాన్ని కొలిచే పానా) తెచ్చుకోండి. చాలా స్కోపులకి రింగు మూత మరలకి 15 నుంచి 18 అంగుళ-పౌండ్లు చాలు, తయారీదారు చెప్పిన అంకె వేరే ఉంటే అదే వాడండి. చేతి బలం చూపించి గొట్టం మీద నొక్కు వేశారంటే రిటర్న్ కూడా పోయినట్టే. ఒక బల్ల మీద కదలకుండా పెట్టి మాగ్నిఫికేషన్ కింద నుంచి పై దాకా తిప్పుతూ చూడండి. రెటికిల్ (లోపల కనబడే గురి గీతలు) ఒరిగినట్టు గానీ, గురి బిందువు జరిగినట్టు గానీ అనిపిస్తే అక్కడే ఆపండి.

తర్వాత రేంజిలో. 100 గజాల దూరంలో పొడవాటి కాగితం కట్టి, తాపీమేస్త్రీ తూకపు దారంతో నిట్టనిలువు గీత గీయండి. కింద చుక్కకి గురిపెట్టి కాల్చండి. టరెట్‌ని (గురి దిద్దే గుండీ) 10 మిల్స్ (మిల్ అంటే కోణపు కొలత) పైకి తిప్పి, అదే చుక్కకి గురిపెట్టి మళ్లీ కాల్చండి. 100 గజాల దగ్గర 1 మిల్ అంటే 3.6 అంగుళాలు, కాబట్టి తూటా రంధ్రాల గుంపు సరిగ్గా 36 అంగుళాలు పైన పడాలి, గీత మీదే పడాలి. అంగుళానికి పైగా తేడా వస్తోందంటే టరెట్ 3 శాతం దొంగ లెక్క చెబుతోందన్నమాట. మళ్లీ 10 మిల్స్ దించండి, మొదటి చుక్కకే రావాలి. ఇలా నాలుగైదుసార్లు. దూరాన్ని టేపుతో కొలవండి, రేంజి వాళ్ల బోర్డుని నమ్మొద్దు. యూరప్ నుంచి వచ్చిన స్కోప్ మీద "క్లిక్‌కి 1 సెం.మీ." అని ఉంటే కంగారు పడొద్దు. క్లిక్ అంటే టరెట్ తిరిగే ఒక మెట్టు. అది 100 మీటర్ల దగ్గర లెక్క, 0.1 మిల్ అదే.

చివరగా తేమ. ఏసీ కారులోంచి హ్యూస్టన్ ఉక్కలోకి తీస్తే బయటి అద్దం మీద ఆవిరి పట్టడం మామూలే, తుడిస్తే పోతుంది. తుడిచినా పోకపోతే ఆవిరి లోపల ఉంది.

స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ మీద పెట్టేవాళ్లకి ఒక మాట. దానికి కుదుపు వెనక్కీ ముందుకీ రెండు వైపులా ఉంటుంది. మంచి మంచి స్కోపులే దానికి తట్టుకోలేవు. ఎయిర్ రైఫిల్‌కి పనికొస్తుందని కంపెనీ చెప్పని మోడల్‌ని దాని మీద బిగించొద్దు.

కంపెనీ వద్దంది. డబ్బు కట్టి బాగు చేయించుకోవచ్చా?

కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి, అడగడంలో తప్పు లేదు. కోపంగా కాకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పి అడగండి. "గ్రేలో కొన్నాను, ఖర్చు నేనే భరిస్తాను" అన్నవాడికి దొరికే జవాబు, బిల్లు పోయిందని బొంకినవాడికి దొరకదు. విడిగా స్కోపులు రిపేరు చేసే పనివాళ్లూ ఉన్నారు, కానీ కొత్త మోడళ్ల విడి భాగాలు వాళ్లకి దొరకడం కష్టం.

కొన్న దేశానికే తిరిగి పంపితే?

చట్టం మాట కొస్తే, యూరోపియన్ యూనియన్‌లో వినియోగదారుడికి అమ్మిన వస్తువుకి 2 ఏళ్ల పాటు బాధ్యత అమ్మిన దుకాణానిదే. మీరు వియన్నా వెళ్లినప్పుడు కొట్టులో కొని తెచ్చుకున్నదైతే ఆ కొట్టునే అడగొచ్చు. చిక్కంతా పంపడంలో ఉంది. రైఫిల్ స్కోపులు అమెరికా ఎగుమతి నియంత్రణ జాబితాలో 0ఏ504 అనే నంబరు కింద ఉన్నాయి. ఎక్కడ తయారైందన్నది కాదు, అమెరికా నుంచి బయటికి వెళ్తోందా అన్నదే లెక్క. వెళ్లే దేశాన్ని బట్టి, స్కోప్ రకాన్ని బట్టి లైసెన్స్ కావాల్సి రావచ్చు. "గిఫ్ట్" అని రాసి పోస్టులో వేసే వస్తువు కాదిది. తిరిగి వచ్చేటప్పుడు కస్టమ్స్ కాగితాలు మళ్లీ మొదలు. 800 డాలర్ల లోపు పార్సెళ్లకి ఉండిన సుంకం మినహాయింపు కూడా 2025 ఆగస్టు 29 నుంచి ఆగిపోయింది, కాబట్టి కొనేటప్పుడే ఆ సుంకాన్ని ధరలో కలిపి చూసుకోండి.

ఇండియాలో బావమరిది ఒకటి తెమ్మంటున్నాడు.

వద్దని చెప్పండి. పైన చెప్పిన ఎగుమతి నియమాలు సూట్‌కేసుకీ వర్తిస్తాయి. అవతల శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్లు ఆయుధ చట్టం పేరెత్తితే సమాధానం చెప్పుకోవాల్సింది మీరే. వారంటీ అనేది అప్పుడు మీకు గుర్తొచ్చే ఆఖరి విషయం.

మేనకోడలు షూటింగ్ నేర్చుకుంటోందని అడిగితే మాత్రం ఒక సంగతి చెప్పండి. ఒలింపిక్స్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో టెలిస్కోప్ స్కోప్ వాడనివ్వరు. హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచింది చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైట్‌తోనే. ఆ అమ్మాయికి కావాల్సింది మీరు తెచ్చే స్కోప్ కాదు.

నేను హెచ్-1బీ మీద ఉన్నాను. స్కోప్ కొనొచ్చా?

ఫెడరల్ చట్టం దృష్టిలో స్కోప్ తుపాకీ కాదు, మామూలు వస్తువులాగే కొనొచ్చు. దాన్ని బిగించే రైఫిల్ మాటే వేరు. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ నిషేధం ఉంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. టెక్సాస్‌లో ప్రైవేటు పొలంలో యజమాని అనుమతితో అడవి పందులు కొట్టడానికి 2019 నుంచి హంటింగ్ లైసెన్స్ అక్కర్లేదు, దాంతో చాలామంది తీసుకోవడం మానేశారు. వీసా మీద ఉన్నవాళ్లు అలా మానకూడదు. మిగతాది ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి, నాతో కాదు.

ఇంతకీ గ్రేలో కొనమంటారా, వద్దంటారా?

ఆథరైజ్డ్ ధర 2,000 డాలర్లు, గ్రేలో 1,600 అనుకుందాం. ఆ 400 మీకు మిగిలింది అనుకోకండి, ఇన్సూరెన్స్ ప్రీమియం మీరే జేబులో వేసుకున్నారు. బల్బు, బ్యాటరీ లేని సాదా స్కోప్, మాటిమాటికీ తిప్పక్కర్లేని టరెట్, ఏడాదికి రెండుసార్లు రేంజి అయితే నేనూ గ్రేలో కొంటానేమో. లైటు వెలిగే రెటికిల్, పెద్ద టరెట్లు, బరువైన క్యాలిబర్ అయితే కొనను. థర్మల్ స్కోప్ (వేడిని బట్టి చీకట్లోనూ చూపించేది) అయితే ఆ పేజీ తెరవను కూడా, అందులో పాడయ్యేవన్నీ ఎలక్ట్రానిక్సే. అదే 1,600కి ఆథరైజ్డ్ డీలర్ దగ్గర డెమో పీస్ (కొనేవాళ్లకి చూపించడానికి వాడింది) దొరుకుతుందేమో ముందు అడగండి. చాలాసార్లు దొరుకుతుంది, ఎవరూ అడగరు.

సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నాను. మొదట గ్రేలో వచ్చిందో లేదో ఎలా తెలియాలి?

అమ్మేవాణ్ని మొదటి బిల్లు అడగండి. లేదంటే సీరియల్ నంబరు ఫోటో అడిగి, డబ్బు ఇవ్వకముందే కంపెనీకి ఫోన్ చేయండి. "ఈ నంబరు అమెరికాకి వచ్చిన సరుకేనా, నా పేరు మీదికి వారంటీ మారుతుందా?" అని రెండే ప్రశ్నలు. నంబరు ఇవ్వడానికి అతను నసిగితే ఇంకో స్కోప్ చూసుకోండి.

డబ్బా, కార్డు పారేశాను. పర్లేదా?

బిల్లు ఈమెయిల్లో ఉంటే పర్లేదు. ఇప్పుడే వెతికి, ప్రింటు తీసి, రైఫిల్ కేసు మూతలో అతికించండి. నా రెండో స్కోప్‌కి అలాగే చేశాను.